తెర మీద మట్టి ముద్ద



ఈవేళ బొమ్మలు చేసేవాళ్ల గురించి మాట్లాడుకుందాం. కొండపల్లిలో తెల్లపొణికి కర్ర చెక్కేవాళ్లు, తెనాలిలో నాయకుల విగ్రహాలు తయారుచేసేవాళ్లు, బెజవాడలో టేకు తలుపుల మీద లక్ష్మీదేవిని, వినాయకుణ్ణి తీర్చేవాళ్లు, బందరు చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు చేసేవాళ్లు. కృష్ణ ఒడ్డున బొమ్మ చెక్కే పనికి రెండు వేల ఏళ్ల వయసుంది. ఈమధ్య కాలంలో ఈ పనివాళ్ల ముందుకు ఒక కొత్త పనిముట్టు వచ్చింది. మట్టి లేకుండా, కర్ర లేకుండా, కంప్యూటరు తెర మీద బొమ్మను చెక్కడం. డిజిటల్ శిల్పం అంటున్నారు దాన్ని. చేత్తో పని నేర్చుకున్నవాళ్లను అది ఎందుకు లాగుతోంది, దానివల్ల వాళ్లకు దక్కేదేమిటి, చేజారేదేమిటి అన్నది నా ప్రసంగ విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ పనిముట్టు మొదట చేరవలసింది ఉలి పట్టిన చేతికి. ఇప్పుడు ఎక్కువగా చేరుతున్నది ఆ చేతికి కాదు. నాకున్న దిగులంతా అదే.

ముందు ఆ పని ఎలా ఉంటుందో చెబుతాను. తెర మీద బూడిద రంగులో గుండ్రటి ముద్ద ఒకటి కనిపిస్తుంది. చేతిలో కలం, కలం కింద ఒక పలక. మనం ఎంత గట్టిగా నొక్కామో పలకకు తెలుస్తుంది. గట్టిగా నొక్కితే లోతుగా గాడి పడుతుంది. తేలిగ్గా రాస్తే పొర మీద పొర పెరుగుతుంది. ఒక మీట నొక్కితే అప్పటిదాకా మట్టి అద్దిన కలమే గీత గీస్తుంది, ఇంకో మీట నొక్కితే లాగుతుంది, మరో మీట నొక్కితే నున్నగా పామేస్తుంది. లోపల జరిగేదంతా గణితం. ఆ ముద్ద పైభాగం చిన్నచిన్న ముక్కలతో అల్లిన వల. నునుపు ఒక మెట్టు పెంచినప్పుడల్లా ఒక్కో ముక్క నాలుగవుతుంది. వెయ్యి ముక్కలతో మొదలైన తల ఐదు మెట్లు ఎక్కేసరికి 10 లక్షల 24 వేల ముక్కలవుతుంది. కనురెప్ప మీది ముడత దాకా చెక్కడానికి వీలు అక్కడ వస్తుంది. జీబ్రష్ అనే సాఫ్ట్‌వేరును 1999లో తొలిసారి జనానికి చూపించారు. సినిమాలవాళ్లు, ఆటబొమ్మల కంపెనీలవాళ్లు దాన్ని అందిపుచ్చుకున్నారు. అది కొనుక్కోవాలి. బ్లెండర్ అనేది మాత్రం 2002 నుంచి అందరికీ ఉచితం. టాబ్లెట్ మీద, మంచి ఫోన్ మీద కూడా చెక్కుకునే నోమాడ్ లాంటివి ఇప్పుడు తక్కువ ధరకే దొరుకుతున్నాయి.

చేత్తో పనిచేసేవాళ్లను మొదట కట్టిపడేసేది ఇందులో ఒక చిన్న సదుపాయం. చేసిన తప్పును వెనక్కి తీసుకోవచ్చు. రాయి చెక్కినవాడికి ఈ మాట విలువ తెలుస్తుంది. బెజవాడ దగ్గర కృష్ణ దాటగానే ఉండవల్లి. అక్కడ నాలుగు అంతస్తుల గుహాలయం, కొండను బయటి నుంచి లోపలికి తొలుచుకుంటూ పోయి చేసినది. క్రీస్తుశకం నాలుగైదు శతాబ్దాల నాటిదని చెబుతారు. లోపల అనంతశయనుడు పవళించి ఉంటాడు. ఆ మూర్తిని ఎక్కణ్ణుంచో తెచ్చి పెట్టలేదు. చుట్టూ ఉన్న రాయిని తీసేస్తే ఆయన మిగిలాడు. ముక్కు కొన దగ్గర ఉలి ఒక్క దెబ్బ ఎక్కువ పడితే మళ్లీ అతికించే దారి లేదు. అంచేత రాతిశిల్పి కావలసినదానికన్నా కొంత ఎక్కువ రాయి ఉంచి పనిచేస్తాడు. సన్నటి దెబ్బలన్నీ చివరికి దాచుకుంటాడు. ఆ జాగ్రత్త అతని ఒంట్లో అలవాటుగా దిగిపోతుంది.

అలాంటి చేతికి ఈ భయం లేని చోటు ఇస్తే ఏమవుతుంది? తెనాలిలో నేను మాట్లాడిన ఒక శిల్పి, నడివయసు దాటిన మనిషి, చెప్పిన మాట గుర్తుంది. తాను పని నేర్చుకునే రోజుల్లో చేయగలిగిన సాహసాలు, పేరొచ్చాక చేయలేకపోయాడట. విగ్రహానికి బయానా తీసుకున్నాక ప్రయోగాలు చేసే తీరిక ఎక్కడిది? కంప్యూటరు మీద మాత్రం ఒకే తలను మూడు రకాలుగా చెక్కి మూడూ దాచుకున్నాడు. మెడ ఇటు వంచి చూశాడు, అటు వంచి చూశాడు. మళ్లీ కుర్రతనం వచ్చినట్టుందండీ అన్నాడు. ఇది తక్కువ సంగతి కాదు. అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. వెనక్కి తీసుకునే వీలు ఉన్న చోట నిర్ణయం వాయిదా పడుతూ పోతుంది. ఈ కనుబొమ ఇక్కడే, ఇంతే, అని తేల్చుకోవలసిన క్షణం రాతి ముందు తప్పకుండా వస్తుంది. తెర ముందు రాకుండానే వారాలు గడిచిపోవచ్చు. రాయితోనో కర్రతోనో మొదలుపెట్టినవాడు ఆ క్షణాన్ని తనంతట తానే తెచ్చుకోగలడు. తెర మీదే పుట్టినవాడికి అది ఎవరైనా నేర్పాలి.

మట్టి పని సంగతి వేరు. మట్టిని తీయవచ్చు, పెట్టవచ్చు. కానీ దాని బాధలు దానికున్నాయి. ఇనుప కడ్డీలతో గూడు కట్టి, దాని మీద మట్టి ఎక్కించి, విగ్రహం పూర్తయ్యేదాకా తడి గుడ్డలు కప్పి కాపాడుకోవాలి. మే నెలలో మన బెజవాడ, గుంటూరు ఎండలు మీకు చెప్పనక్కర్లేదు. ఒక్క పూట గుడ్డ ఆరిపోతే చెంప మీద బీట పడుతుంది. మట్టి రూపం ఖాయమయ్యాక ప్లాస్టర్‌తో అచ్చు తీసి, ఫైబర్ పోయడమో, మైనం చేసి కంచులో పోత పోయడమో చేస్తారు. అచ్చు తీశాక మార్పులంటే మళ్లీ మొదటికి వచ్చినట్టే.

ఇక విగ్రహం చేయించుకునేవాళ్ల సంగతి. డెల్టాలో ఏ ఊరి కూడలిలో చూసినా గాంధీ, అంబేద్కర్, ఎన్టీఆర్, వైఎస్ కనిపిస్తారు. వాళ్ల ఫొటోలకు కొదవ లేదు. ఇప్పుడు పోయిన తల్లిదండ్రుల విగ్రహాలు చేయించుకునేవాళ్లూ పెరిగారు. వాళ్లు తెచ్చేది ఒక పాత పాస్‌పోర్ట్ ఫొటో, లేదా పెళ్లి గుంపులో వెనక వరసలో నిలబడ్డ ఫొటో. పక్క నుంచి ముఖం ఎలా ఉండేదో ఎక్కడా ఉండదు. శిల్పి ఎముక మీద ఊహతో కట్టుకుంటూ పోవాలి. కొడుకు డాలస్‌లో ఉంటాడు, కూతురు మెల్‌బోర్న్‌లో ఉంటుంది. మట్టి విగ్రహం చూడడానికి రాలేరు. ఫొటో పంపితే ఒక వైపే కనిపిస్తుంది. తెర మీద చెక్కిన తలనైతే గుండ్రంగా తిప్పి వీడియోగా వాట్సాప్‌లో పంపవచ్చు. నాన్నగారి దవడ ఇంత వెడల్పు కాదండీ, అమ్మ నవ్వితే ఎడం చెంప మీద చిన్న సొట్ట పడేదండీ అని వాళ్లు చెబుతారు. ఆ మాట వినగానే శిల్పి పది నిమిషాల్లో దిద్దుతాడు. మట్టి తాకకముందే పోలిక కుదిరిపోతుంది. నా ఉద్దేశంలో మన శిల్పులకు ఈ పద్ధతి చేసిన పెద్ద మేలు ఇదే. డబ్బు మిగలడం ఒకటి, అంతకంటే ముఖ్యం పోలిక కుదిరిందా లేదా అనే గొడవలో పని ఆగిపోకపోవడం.

తెనాలివాళ్లు కొత్తదానికి బెదిరే రకం కారు. అక్కడ సూర్య శిల్పశాల నడిపే కాటూరి వెంకటేశ్వరరావు గారు, వారి కుమారుడు రవిచంద్ర, పాత ఇనుప నట్లు, బోల్టులు, తుక్కు సామాను అతికించి విగ్రహాలు చేసి పేరు తెచ్చుకున్నారు. 2021లో వాళ్లు అలా చేసిన 14 అడుగుల మోదీ విగ్రహం పత్రికల్లో వచ్చింది. బండ్ల షెడ్డులో పారేసే ఇనుపముక్కలో ముక్కునో, చెవినో చూడగలిగిన కన్ను ఏ పనిముట్టు ముందు కూర్చున్నా ఖాళీగా లేవదు.

కొలతల విషయంలోనూ మనవాళ్లకు పెద్ద ఆస్తి ఉంది. శిల్పశాస్త్రంలో తాళమానం ఉంది కదా. ముఖం పొడవు ఒక తాళం. తాళానికి 12 అంగుళాలు. నవతాళ మూర్తి మొత్తం 108 అంగుళాలు. ఉత్తమ దశతాళంలో చేసే విష్ణుమూర్తి 124 అంగుళాలు. ఈ అంగుళం స్కేలు మీది అంగుళం కాదు, మూర్తి కొలతలోంచే పుడుతుంది. విగ్రహం జానెడైనా, తాటిచెట్టంతైనా భాగాల నిష్పత్తి మారదు. తిరుపతిలో దేవస్థానం వారి సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థ 1960 నుంచి ఈ లెక్కలు నేర్పుతోంది. ఇది ఒంటబట్టిన కుర్రవాడు తెర మీద ఒక ఖాళీ మూర్తిని నవతాళంలో ఒక్కసారి కట్టి పెట్టుకుంటే, ఆ తర్వాత ఎన్ని మూర్తులకైనా అదే పునాది. సినిమా స్టూడియోల్లో వాడే తయారు బొమ్మల్లో ఈ కొలతలు ఉండవు. వాటిలో ఎక్కువభాగం పాశ్చాత్య దేహాల కొలతలే. మన దేవుళ్లను వాటి మీద చెక్కితే కండలు తిరిగిన వస్తాదుల్లా తయారవుతున్నారు. రాముడి బొమ్మల్లో, శివుడి బొమ్మల్లో మీరూ గమనించే ఉంటారు. తాళమానం తెలిసినవాడు ఆ కుర్చీలో కూర్చుంటే తప్ప ఆ లోపం పోదు.

పెద్దది చేయడం అనే పనిలో కంప్యూటరుకు ఎదురు లేదు. అడుగు ఎత్తు నమూనాను 12 అడుగులకు పెంచితే ఎత్తు, వెడల్పు, మందం ఒక్కోటి 12 రెట్లు. ఘనపరిమాణం 1728 రెట్లు. పాతకాలం పద్ధతిలో గళ్లు గీసి, దారాలు వేలాడగట్టి, ఒక్కో బిందువునూ కొలిచి పెంచేవాళ్లు. ఇప్పుడు అంకె మారిస్తే చాలు, కంప్యూటరు చెప్పినట్టు కోసే సీఎన్‌సీ యంత్రం థర్మోకోల్ దిమ్మెలను ముక్కలు ముక్కలుగా కోసి ఇస్తుంది. కానీ ఎత్తయిన దిమ్మె మీద నిలబెట్టిన మూర్తిని జనం కింద నుంచి చూస్తారు. కింద నుంచి చూస్తే తల చిన్నదైపోయి గడ్డం ముందుకొస్తుంది. అందుకే తలను, భుజాలను కొంచెం పెంచి చేస్తారు. ఎంత పెంచాలో యంత్రం చెప్పదు. అనుభవం చెబుతుంది. తెర ఇక్కడ చేయగల సాయం ఒకటుంది. విగ్రహాన్ని దిమ్మె మీద పెట్టి, చూసేవాడి కంటి ఎత్తులో కెమెరా ఉంచి, ఏలూరు రోడ్డు మీద నడిచిపోయే మనిషికి అది ఎలా కనిపిస్తుందో పోత పోయకముందే చూసుకోవచ్చు. పూర్వం శిల్పి ఈ సంగతి విగ్రహం ఎక్కించాకే చూడగలిగేవాడు.

ఎడమ సగం చెక్కితే కుడి సగం తనంతట తానే వచ్చే మీట కూడా ఉంది. కొత్తవాళ్లు దాన్ని వదలరు. అలా చేసిన ముఖం ప్రాణం లేకుండా ఉంటుంది. ఏ మనిషి ముఖమూ రెండువైపులా ఒక్కలా ఉండదు. సమభంగంలో నిటారుగా నిలిచిన వేంకటేశ్వరుడికి ఆ మీట కొంతవరకు పనికొస్తుంది. త్రిభంగంలో, ఒళ్లు మూడు చోట్ల వంచి వేణువు పట్టిన కృష్ణుడి దగ్గర దాన్ని ఆపేయాలి. ఎప్పుడు ఆపాలో తెలియడం చదువు.

బయటి ప్రపంచంలో ఈ ఘర్షణ 30 ఏళ్ల కిందటే వచ్చింది. 1993లో వచ్చిన జురాసిక్ పార్క్ సినిమాలో రాక్షసబల్లులను చేత్తో కదిలించే బొమ్మలతో తీయడానికి ఫిల్ టిపెట్ అనే కళాకారుణ్ణి పెట్టుకున్నారు. బొమ్మను వెంట్రుకవాసి జరిపి, ఒక ఫొటో తీసి, మళ్లీ జరిపి తీసే విద్యలో ఆయన ఆరితేరినవాడు. సినిమా మొదలయ్యేలోపు కంప్యూటరు బల్లులు ఆయన బొమ్మల కన్నా సజీవంగా నడిచాయి. తన పని అయిపోయిందనుకున్నాడాయన. కానీ ఆయన్ను పంపించేయలేదు. జంతువు బరువు ఏ కాలి మీద పడుతుంది, తల తిప్పే ముందు మెడ ఎలా కదులుతుంది అన్నది కంప్యూటరు కుర్రాళ్లకు తెలియదు, ఆయనకు తెలుసు. ఆయన బృందంవాళ్లు కీళ్లకు సెన్సర్లు బిగించిన ఒక లోహపు అస్థిపంజరం తయారుచేశారు. దాన్ని పాతపద్ధతిలో చేత్తో కదిలిస్తే తెర మీది బల్లి కదిలేది. ఆ చిత్రానికి వచ్చిన ఆస్కార్‌లో టిపెట్‌కూ వాటా దక్కింది. పాత విద్య వచ్చినవాళ్లు కంప్యూటరు నేర్చుకునేదాకా ఆగకుండా, వాళ్ల చేతికి అలవాటైన రూపంలోకి యంత్రాన్నే తెచ్చారు. మన ప్రాంతంలో ఇలాంటి ప్రయత్నం జరగాలని నా కోరిక. హైదరాబాద్ స్టూడియోల్లో 2012 నాటి ఈగ సినిమా నుంచి బాహుబలి దాకా ఎంతో పని జరిగింది. వందలమంది తెలుగు కుర్రవాళ్లు తెర మీద బొమ్మలు చెక్కుతున్నారు. అందులో కొండపల్లి పిల్లలు ఎందరుంటారు చెప్పండి?

కొండపల్లి దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే నా మాటకు ఆధారం అక్కడే ఉంది. బొమ్మల పని చేసే ఆర్యక్షత్రియులు తమ పూర్వులు రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పుకుంటారు. తమ మూలపురుషుడు ముక్తర్షి అనీ, ఈ విద్య శివుడి వరమనీ అంటారు. చుట్టుపక్కల అడవిలో దొరికే తెల్లపొణికి కర్ర చేతిలో పట్టుకుంటే బరువే తెలియదు. దాన్ని ఎండబెట్టి, సన్నటి సెగ మీద ఉంచి లోపలి తడి పోగొట్టాలి. ఆ తర్వాతే చెక్కడం. ఏనుగంటే ఒక్క దుంగలోంచి మొత్తం ఏనుగును తీయరు. ఒళ్లు, కాళ్లు, తొండం, చెవులు, అంబారీ, మావటి వేరువేరుగా చెక్కుతారు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అతుకు ఎక్కడుందో కనపడకుండా ఆ మక్కుతోనే ఒంపులు దిద్దుతారు. ఆకురాయితో నున్నగా రుద్ది, సున్నం పూసి ఆరబెట్టి, ఆ తెలుపు మీద రంగులు వేస్తారు. దశావతారాలు, ఎడ్లబండి, తాటిచెట్టెక్కే గీతకార్మికుడు, పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఇలా పుట్టినవే. సంక్రాంతికి, దసరాకు బొమ్మల కొలువు పెట్టే ఇంట్లో వీటికి చోటు ఉంటుంది.

ఇప్పుడు ఆ తాటిచెట్టు బొమ్మను జాగ్రత్తగా చూడండి. గీతకార్మికుడి ముఖంలో నాలుగైదు తలాలే ఉంటాయి. ముక్కు ఒక చిన్న గట్టు, కళ్లు రంగుతో పెట్టిన చుక్కలు, మోకాలి వంపు ఒకే ఒక కోత. అయినా మనిషి ఎక్కుతున్నాడనీ, ఒంటి బరువంతా మోకు మీద ఉందనీ తెలిసిపోతుంది. ఆ పొదుపు కర్ర నేర్పింది. మెత్తటి కర్ర మరీ సన్నటి పనికి ఒప్పుకోదు, విరుగుతుంది. పైగా రోజుకు ఇన్ని బొమ్మలు చేస్తేనే ఇల్లు గడుస్తుంది. ఆ రెండు ఒత్తిళ్ల కింద కొన్ని తరాలవాళ్లు అక్కర్లేనివన్నీ తీసేసుకుంటూ వచ్చారు. తెర మీద అలాంటి అడ్డేమీ లేదు. చర్మం మీది రంధ్రాలు, గోళ్ల కింది మట్టి, పంచె నేతలో పోగులు, అన్నీ చెక్కవచ్చు. కొత్తగా నేర్చుకున్నవాళ్లు అన్నీ చెక్కుతారు కూడా. బొమ్మ మాత్రం బిగుసుకుపోయి నిలబడుతుంది. ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్లు కొండపల్లిలో ఉన్నారు. తెర మీది పనికి వాళ్లు తెచ్చిపెట్టగల గుణం ఈ నిగ్రహం. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ అమ్మదు.

తెర మీద తయారై, త్రీడీ ప్రింటరు మీద ప్లాస్టిక్‌లో అచ్చయిన ఏనుగును కొండపల్లి బొమ్మ అని అమ్మవచ్చా అని కొందరు నన్ను అడిగారు. కుదరదు. 1999లో చేసిన భౌగోళిక గుర్తింపుల చట్టం 2003లో అమల్లోకి వచ్చింది. కొండపల్లి బొమ్మలకు ఆ గుర్తింపు ఉంది. ఆ పేరు ఆ ఊరికి, ఆ కర్రకు, ఆ పద్ధతికి చెందుతుంది. అలా ఉండడం న్యాయం. కొత్త బొమ్మను తెర మీద ఊహించి, ఏనుగు మీద అంబారీ నిలుస్తుందా లేదా అని అక్కడే సరిచూసుకుని, తర్వాత తెల్లపొణికితో చేస్తే మాత్రం ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు. నమూనాల కోసం కర్ర పాడుచేసుకోకుండా ఉంటారు. ఆ చెట్లు తగ్గిపోయి కర్ర దొరకడమే కష్టమైన రోజుల్లో అది చిన్న లాభం కాదు.

నష్టం ఎలా ఉంటుందో చూడాలంటే తలుపుల పని చూడాలి. టేకు తలుపు మీద వేంకటేశ్వరస్వామిని చెక్కించుకోవడం మన ప్రాంతంలో చాలా ఇళ్లలో ఉన్న ముచ్చట. ఇదివరకు వడ్రంగి ఇంటికొచ్చి కొన్ని వారాలు కూర్చుని చెక్కేవాడు. ఇప్పుడు సీఎన్‌సీ యంత్రం కొన్ని గంటల్లో చెక్కేస్తుంది. ఆ బొమ్మ ఫైలు ఎక్కడో ఎవరో చేసినది, ఇంటర్నెట్‌లో కొద్దిపాటి డబ్బుకు దొరుకుతుంది. ఆ ఒక్క ఫైలే అన్ని దుకాణాల్లో తిరుగుతుంది. అందువల్ల ఊరంతా ఒకే స్వామి, ఒకే ముఖం. యంత్రపు ముల్లు గుండ్రంగా ఉంటుంది కాబట్టి మూలల్లోకి పోదు. కిరీటం అంచుల్లో, కనుకొలకుల్లో మిగిలిన గరుకును తీయడానికి పాత పనివాణ్ణే పిలుస్తారు. మూర్తిని ఊహించి చెక్కినవాడు ఇప్పుడు యంత్రం వదిలేసిన మూలలు శుభ్రం చేస్తున్నాడు. కూలీ ఆ శుభ్రం చేసినంతకే. ఈ అవమానాన్ని చూసి నేను యంత్రాన్ని తిట్టను. ఆ ఫైలు తయారుచేసింది అతనే అయ్యుంటే, ఆ యంత్రం అతని కొడుకుదై ఉంటే, కథ ఇంకోలా ఉండేది కదా అని బాధపడతాను.

పెద్ద విగ్రహాల దగ్గరా ఇదే ప్రశ్న. బెజవాడ స్వరాజ్ మైదానంలో 81 అడుగుల దిమ్మె మీద 125 అడుగుల అంబేద్కర్ విగ్రహాన్ని 2024 జనవరి 19న ఆవిష్కరించారు. ఊళ్లో చాలా చోట్ల నుంచి కనిపిస్తుంది. ఇంత ఎత్తు పనులు ఇప్పుడు డిజిటల్ కొలతలు లేకుండా జరగవు. గుజరాత్‌లో 182 మీటర్ల పటేల్ విగ్రహానికి రామ్ సుతార్ గారు చేత్తో నమూనాలు చేశారు. వాటిని స్కాన్ చేసి పెంచి, కంచు పలకలను చైనాలో పోత పోయించారు. ముచ్చింతల్‌లోని 216 అడుగుల రామానుజుల విగ్రహం కూడా చైనాలో తయారై వచ్చినదే. మట్టి నమూనా మనది, స్కాను తర్వాతి పని, దాని వెంట వచ్చే జీతం, అనుభవం ఇంకో దేశానివి. ఆ మధ్య మెట్టు మనవాళ్లకు వస్తే తప్ప పని ఇక్కడ మిగలదు.

ఈ విద్యలో నాకు అన్నిటికన్నా ఆశ కలిగించేది అమరావతి. 1797లో కల్నల్ మెకంజీ అక్కడికి వచ్చేసరికి, రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు గారి హయాంలో స్తూపం ఉన్న దిబ్బను తవ్వి రాళ్లు తీసుకుంటున్నారు. పల్నాటి సున్నపురాతి పలకల మీద సాతవాహనుల కాలం శిల్పులు చెక్కిన బొమ్మలు కొన్ని కట్టడాల్లోకి పోయాయి, కొన్ని సున్నం బట్టీల్లో కాలిపోయాయి. 1816లో మెకంజీ మళ్లీ వచ్చి, తన వెంట తెచ్చిన చిత్రకారులతో ఆ పలకలను ఓపిగ్గా గీయించాడు. ఆ తర్వాత మాయమైన పలకలకు ఇవాళ మిగిలిన ఆనవాలు ఆ గీతలే. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాల్లో చాలా భాగం 1859లో లండన్ చేరాయి. ఇప్పుడు ఒకే స్తూపం ముక్కలు బ్రిటిష్ మ్యూజియంలో, చెన్నై ఎగ్మోర్‌లో, మన అమరావతిలో పడి ఉన్నాయి. రాళ్లను ఒకచోటికి తేవడం ఎప్పటికి జరుగుతుందో గానీ, వాటన్నిటినీ స్కాన్ చేసి తెర మీద స్తూపాన్ని తిరిగి కట్టడం ఇవాళ సాధ్యమే. విరిగిన చోట ఏముండేదో పూరించడానికి మెకంజీ బొమ్మలున్నాయి. ఆ పూరింపు ఎవరు చేయాలి? పద్మం రేకు వంపును, యక్షిణి నడుము తిరిగిన తీరును చేత్తో చెక్కి తెలుసుకున్న దుర్గి శిల్పులు చేయాలి. పల్నాటి రాతి మీద ఇప్పటికీ పనిచేసేది వాళ్లే.

ఇక డబ్బు, చట్టం. కేంద్రప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. శిల్పులు, బొమ్మలు చేసేవాళ్లు, వడ్రంగులు, స్వర్ణకారులు అందులో ఉన్నారు. శిక్షణలో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15 వేలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షల అప్పు. 15 వేలకు మంచి ఉలులు వస్తాయి, కంప్యూటరు రాదు. కలం, పలక కొనుక్కోవచ్చు. కంప్యూటరు అప్పులోంచి కొనాలి. నలుగురు కలిసి ఒకటి కొనుక్కోవడం మేలు. శిల్పాన్ని మన కాపీరైట్ చట్టం కళాఖండంగానే చూస్తుంది. కర్త బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది. కాబట్టి మీ బొమ్మను ఎవరైనా స్కాన్ చేస్తామని వస్తే, ఎందుకు, ఆ ఫైలు ఎవరి దగ్గర ఉంటుంది, అమ్మితే మీకెంత అని కాగితం మీద రాయించుకోండి. మొహమాటపడొద్దు.

ఈ ప్రసంగం వింటున్నవాళ్లలో ఉలి పట్టినవాళ్లు ఉంటే ఒక మాట. ముందు ఇంట్లో చదువుకునే పిల్లవాణ్ణో, పిల్లనో పక్కన కూర్చోబెట్టుకుని బ్లెండర్ దింపించండి. తెర మీద ఏదో కొత్తది చేయాలని చూడకండి. మీరు వందసార్లు చేసిన బొమ్మను ఎదురుగా పెట్టుకుని అదే చేయండి. మొదటి నెల చేయి మాట వినదు, తెర లోతు చేతికి అందదు, విసుగొస్తుంది. అప్పుడు బొమ్మను చేత్తో తడిమి, మళ్లీ కలం పట్టండి. బాగా వచ్చిందనిపించాక దాన్ని చిన్నగా అచ్చు వేయించి, మీ కర్ర బొమ్మ పక్కన నిలబెట్టి, రెంటిలో తేడా ఎక్కడుందో పిల్లలకు చూపించండి. మెడ దగ్గర వంపు పోయిందా, కాలు బరువు మోయడం లేదా అన్నది మీకు వెంటనే కనిపిస్తుంది. వాళ్లకు కనిపించదు. ఎలా చూడాలో మీరు చెప్పండి, మీటలు ఎక్కడున్నాయో వాళ్లు చెబుతారు.